రెండు మేకులు

సోమవారం పొద్దున పదింటికి
హెచ్చెస్సార్ లేఅవుట్‌లో, మూడో అంతస్తు గాజుగదిలో
గీత పైకి పాకింది.
దాన్ని గీసింది నేనే, ఆదివారం రాత్రి,
చల్లారిన బిసిబేళెబాత్ పక్కన పెట్టుకుని.
నెలకి పద్దెనిమిది శాతం.
ఉజ్వల్ చప్పట్లు కొట్టలేదు గానీ
కుర్చీలో ఒక చుట్టు తిరిగాడు.
మేం అమ్మేది జుట్టు నూనె.
అమ్మేది సీసా, నూనె ఒక సాకు, అంటాడతను.

ఒక్క సంగతి మాత్రం గొంతులో వెంట్రుకలా ఉండిపోయింది:
ఆర్డర్లు పెరుగుతున్నాయి,
నూనె కొన్న బిల్లులు పెరగడం లేదు.
వెళ్ళి చూసి రా, అన్నారు.

హోస్కోటె దాటాక
నీలగిరి తోపు వెనక రేకుల గోదాము.
లోపల అట్టల వాసన,
ఎవరి ఫోన్లోనో సీరియల్ ఏడుపు.
ప్యాకింగు బల్ల దగ్గర చౌడమ్మ
పళ్ళతో టేపు కొరుకుతోంది,
కత్తెర తాడుతో బల్లకే కట్టి ఉన్నా.

“లెక్కకొచ్చినావా పాపా?”
ల్యాప్‌టాప్ తెరిచి గీత చూపించాను.
సంబంధం ఫోటో చూసినట్టు
తల కాస్త వెనక్కి పెట్టి చూసింది.
“బాగుండాది. యా ఊరిది?”

తర్వాత గోడవైపు గడ్డం ఎత్తింది.
రెండు మేకులు.
అయిపోయిన టేపుల అట్ట ఉంగరాలు
పురికోసకి గుచ్చి, నెలకొక ముడి వేసి,
నేల దాకా వేలాడుతున్నాయి.
కుడి మేకు కొత్త పెట్టెలది.
ఎడమది, పోయి తిరిగొచ్చిన వాటిది.
“తిరిగొచ్చిందానికి ఇంగో చీటీ అంటిస్తాము.
మళ్ళా పోతాది.
మీ మిషన్లో అది ఇంగో బిడ్డ.
నాకు ఆ బిడ్డే.”

కాసేపాగి, తప్పు దిద్దినట్టు:
“నూనె కారిన అట్టకి టేపు నిలవదు,
రెండు చుట్లు తిప్పాల.
అందుకని ఎడమ పక్క రెండుంటే
ఒకటని ఎంచుకో.”

నేను చేసే పనిలో దీనికో పేరుంది.
ఆ పేరు నేర్చుకోడానికి నాకు రెండేళ్ళు పట్టింది,
ఎనిమిది లక్షల అప్పు.
ఆమెకి మేకు కొట్టడానికి ఒక రాయి దొరికింది.

కింద కూర్చుని లెక్కపెట్టాను.
కుడిపక్క, దీపావళి నెల నలభై ఒకటి,
తర్వాత నలభై, తర్వాత ముప్పై ఎనిమిది.
ఎడమపక్క పన్నెండు, ముప్పై, యాభై నాలుగు.
ఎడమది సగం చేసి కుడిదానికి కలిపితే
నా పద్దెనిమిది శాతం వచ్చింది,
ఇంచుమించు అంతే.
నేను కొలిచింది
ఒకే పెట్టె ఎన్నిసార్లు గుమ్మం దాటిందో.

తిరిగొచ్చిన ఒకదాన్ని విప్పి చూశాను.
పాత టేపు కింద పొడుగాటి వెంట్రుక.
వద్దన్నామెదో, చౌడమ్మదో.

ఉజ్వల్ నా నివేదిక రెండుసార్లు చదివాడు.
మంచివాడే, గోళ్ళు కొరుక్కున్నాడు.
“గురువారం పెట్టుబడివాళ్ళ కాల్ ఉంది కదా,
అడుగున చిన్నక్షరాల్లో వేద్దాం.”
వేశాను. ఎనిమిదో సైజు, బూడిద రంగు.
రంగు అతను చెప్పలేదు.
అది నా ఎంపిక.

నెల తిరక్కుండా ఫోను.
“పాపా, టేపు నిలిపేసినారు.
జిగురుండే పెట్టెలంట,
కాగితం పీకి అదిమితే సాలంట.”
నా నివేదికలో పదకొండో వాక్యం:
టేపు వాడకం ఎక్కువగా ఉంది.
మొత్తం మీద వాళ్ళు అమలు చేసింది అదొక్కటే.

“ఇంగ ఉంగరాలు రావు గదా,
ఎట్ల ఎంచేది?”
నేనేదో అనబోయాను.
అవతల లారీ హారన్.
“ఉండు, బండొచ్చె” అని పెట్టేసింది.

ఎడమ మేకుది ఒకటి అడిగి తెచ్చుకున్నాను ఆ రోజు.
నా బల్ల మీద ఉంటుంది,
లోపలి అంచుకి ఇంకా నూనె.
ఏ కాగితం మీద పెట్టినా
గుండ్రంగా ఒక మరక.

ఈ సోమవారం పంతొమ్మిది శాతం.